పాత సైకిల్ ఫ్రేమ్‌కి ఇంట్లో రంగు వేసుకోవచ్చా, పౌడర్ కోటింగ్‌కి (పొడి రంగు చల్లి వేడితో అతికించే పని) ఇవ్వడం మేలా?

ఇంట్లోనే వేసుకోండి. రంగు వేయడం ఒక పూట పని, పాత రంగు గీకడమే నాలుగు రోజులు పడుతుంది. ఆ గీకుడు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

మా నాన్న తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమాస్తాగా చేసినన్నాళ్లూ తొక్కిన హెర్క్యులెస్ సైకిల్ మా పెరట్లో ఉండేది. ఎప్పుడో ఓవరాయిలింగ్‌కి ఇస్తే షాపులో ఆకుపచ్చ రంగు వేసి పంపారు. చూడ్డానికి నున్నగా ఉండేది. మొన్న కార్తీకమాసంలో దాన్ని మొత్తం విప్పి, 120 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దడం మొదలుపెట్టాను. రెండో రోజు బాటమ్ (పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం) దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ పోయింది గానీ, కింద ఇనుము కనబడలేదు. బూడిద రంగు ముద్ద. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులా ఊడి చేతిలోకి వచ్చింది. ఎం-సీల్, కన్నాలు పూడ్చే ముద్ద! దాని వెనక చిటికెన వేలు దూరేంత కన్నం. సీటు గొట్టంలోంచి దిగిన వాన నీళ్లు అక్కడే నిలిచి ఇనుమును లోపల్నుంచి తినేశాయి. షాపువాళ్లు ఒక్క మాటైనా చెప్పకుండా పూడ్చేసి పైన రంగు కొట్టారు. ఆ సైకిల్ మీదే నాన్న బియ్యం బస్తా వేసుకుని వచ్చేవారు. తలుచుకుంటే ఇప్పటికీ కోపం ఆగదు.

పౌడర్ కోటింగ్ అయితే సాయంత్రానికి తళతళలాడుతూ వస్తుంది, నిజమే. దాని కింద ఏముందో మీకెవరు చెప్తారు? మా కన్నాన్ని ఒక పెద్దాయన ఇత్తడి తీగతో గ్యాస్ వెల్డింగ్ చేసి మూసిపెట్టారు. ఆర్క్ వెల్డింగ్ జోలికి వెళ్లకండి, ఈ గొట్టాలు పల్చన, కాలి చిల్లులు పడతాయి.

పాత రంగుని పొడిగా రుద్దకండి, అందులో సీసం ఉండొచ్చు. మన దగ్గర ఇళ్లకు వేసే రంగుల్లోనే సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. ఇక పాత సైకిళ్ల సంగతి చెప్పాలా? నీళ్లతోనే రుద్దండి, వెంటనే తుడిచి ఎండబెట్టి అదే రోజు రెడాక్సైడ్ ప్రైమర్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్రటి అడుగు రంగు) పట్టించండి. ఒక్క రాత్రి వదిలేసినా తెల్లారేసరికి తుప్పు పొడి కనిపిస్తుంది. పెయింట్ రిమూవర్ చేతి మీద పడితే బొబ్బలే, నేనైతే ఇంట్లోకి రానివ్వను.

బాటమ్ విప్పేటప్పుడు చైన్ వైపు ఇరుసును పట్టి ఉంచే కప్పుకి రివర్స్ థ్రెడ్ (మామూలు మరకి ఎదురు తిప్పు) ఉంటుంది, బలవంతం చేయకండి. రంగు వేసేటప్పుడు ఆ మరల్లోకి పోకుండా గుడ్డ కుక్కండి.

నేను నల్ల ఎనామిల్ పల్చగా రెండు కోటింగులు వేశాను. ముట్టుకుంటే అంటుకోవడం లేదు కదా అని నాలుగో రోజే స్టాండు బిగించాను. నట్టు కింద రంగు ముడతలు పడి లేచిపోయింది. ఆ భాగం మళ్లీ రుద్ది, వేసి, ఈసారి పది రోజులు ఆగాను.