సగటు .194, సీజన్లు 17: ఊరూరూ తిరిగే క్యాచర్ లెక్క

బ్యాటు పెద్దగా ఆడని క్యాచర్‌ను (పిచర్ విసిరే బంతిని బ్యాటర్ వెనక కూర్చుని పట్టేవాడు, మన కీపర్ లాంటివాడు) అమెరికా బేస్‌బాల్ జట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు తీసుకుంటాయి, తీసుకున్న నెలకే ఎందుకు వదిలేస్తాయి, స్కూలు జట్టులో క్యాచర్‌గా ఆడుతున్న మీ అబ్బాయికి ఇందులో దారి ఉంటుందా అని అడిగారు. మొదటి రెండింటికీ జవాబు ఒకటే. అతన్ని పరుగుల కోసం పెట్టుకోరు, ఆ చోటు ఖాళీ కాకుండా పెట్టుకుంటారు.

అక్కడి పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో సీజన్ అంటే సుమారు 186 రోజుల్లో 162 మ్యాచ్‌లు. మ్యాచ్‌కి దాదాపు 150 బంతులు గొంతుక్కూర్చుని పట్టాలి. మొదటి క్యాచర్ ఎంత గట్టివాడైనా 110, 120 మ్యాచ్‌లకు మించి మోయడం కష్టం. బ్యాటును రాసుకుంటూ వచ్చిన బంతి తగిలి వేలు విరిగితే ఆ రాత్రికే ఇంకొకడు కావాలి, ఔట్‌ఫీల్డర్‌ను తెచ్చి అక్కడ కూర్చోబెడితే పని జరగదు. అందుకే జట్టులోని 26 మందిలో ఇద్దరు క్యాచర్లు ఉంటారు, ఒక మెట్టు కింది లీగ్ అయిన ట్రిపుల్-ఏలో మూడోవాడు పెట్టె సర్దుకుని ఉంటాడు. మీరడిగింది ఈ రెండో, మూడో మనిషి గురించే.

జెఫ్ మాథిస్ 2005 నుంచి 2021 దాకా 17 సీజన్లు ఆడాడు. కెరీర్ సగటు .194, అంటే వెయ్యి అవకాశాలకు 194 హిట్లు. ఎరిక్ క్రాట్జ్ అనే ఇంకో క్యాచర్‌ను 2002 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) 29వ రౌండ్‌లో తీసుకుంటే, మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ 2010లో, 30 ఏళ్ల వయసులో దక్కింది. మనకు తెలిసిన పోలిక కావాలంటే విశాఖ కీపర్ కె.ఎస్. భరత్‌ను తలచుకోండి: 2021 కాన్పూర్ టెస్టులో సాహా మెడ పట్టేస్తే ప్రత్యామ్నాయంగా గ్లవ్స్ తొడిగాడు, సొంతంగా టెస్టు టోపీ 2023లో వచ్చింది.

ఇక పని. నేలను తాకే బంతిని పట్టబోకూడదు, ఆపాలి. ముందు గ్లవ్ రెండు మోకాళ్ల మధ్య నేలకు ఆనాలి, వెంటనే మోకాళ్లు దిగాలి, భుజాలు ముందుకు వంగి గడ్డం ఛాతీకి తగలాలి. ఊపిరి వదిలి ఛాతీ మెత్తగా ఉంచితే బంతి అడుగు, రెండడుగుల్లో పడిపోతుంది. బిగబడితే కవచానికి కొట్టుకుని దూరంగా ఎగురుతుంది, ఈలోగా రన్నర్ ఒక బేస్ (పరుగు పూర్తి కావడానికి చుట్టి రావాల్సిన మజిలీల్లో ఒకటి) దాటేస్తాడు. కుర్రాళ్ల పెద్ద తప్పు భయంతో తల పక్కకు తిప్పడం. మాస్క్ ఎదురుగా ఉన్నంతసేపే కాపాడుతుంది, తిప్పితే మెడకో చెవి వెనకో తగులుతుంది. బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు గ్లవ్ లేని చెయ్యి బొటనవేలు లోపలికి మడిచి కాలి వెనక దాచాలి.

బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తే రన్నర్‌ను (దీన్ని స్టీల్ అంటారు) ఔట్ చేయడానికి విసరడం దగ్గర అంతా సెకన్ల లెక్క. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కి 127 అడుగుల పైచిలుకు, అంటే 38.8 మీటర్లు. బంతి గ్లవ్‌లో పడిన క్షణం నుంచి రెండో బేస్ దగ్గరి గ్లవ్‌లోకి చేరేదాకా పట్టే కాలాన్ని పాప్ టైమ్ అంటారు. 2.0 సెకన్లు మామూలు, 1.9 చాలా మంచిది. అందులో సుమారు 0.7 సెకను బంతిని చేతిలోకి మార్చుకుని వదలడానికే పోతుంది. వయసు మీద పడ్డ క్యాచర్ చేతి బలం తగ్గినా ఇక్కడ పాదాలు చురుగ్గా కదిపి నెట్టుకొస్తాడు. కానీ పిచర్ కదలడం మొదలై బంతి క్యాచర్‌ను చేరడానికే 1.5 సెకన్లు పడితే క్యాచర్ చేయగలిగింది ఏమీ లేదు, నింద మాత్రం అతనిదే. 2023లో బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచి, రన్నర్‌ను ఆపడానికి పిచర్ తన కాలి కింది పలక వదిలి అడుగేయడం మీద పరిమితి పెట్టారు. అంతకు ముందు ఏడాది 2,486గా ఉన్న స్టీల్స్ 3,503కి ఎగబాకాయి.

జట్టు మారిన రోజు మధ్యాహ్నం దిగినవాడు రాత్రి మ్యాచ్‌కి కూర్చోవాల్సి రావచ్చు. జట్టులో 13 మంది దాకా పిచర్లు ఉంటారు. అందరినీ ఒక్కరోజులో నేర్చుకోలేడు కాబట్టి ఆ రాత్రి మొదలుపెట్టే పిచర్, చివర్లో వచ్చే ఇద్దరు ముగ్గురు చాలు: ఎవరి స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) ఎటు తిరుగుతుంది, మూడు బాల్స్ రెండు స్ట్రైక్‌ల మీద (ఇంకో బాల్ పడితే బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్, ఇంకో స్ట్రైక్ పడితే ఔట్) ఎవరు దేన్ని నమ్ముతారు. నా దృష్టిలో అతనికి డబ్బిచ్చేది ఈ గంటన్నర పనికే.

వదిలేయడం వెనక కాగితాలున్నాయి. జట్టు 40 మంది జాబితాలో ఉన్న ఆటగాడికి సాధారణంగా మూడు ఆప్షన్ సీజన్లు. అవి మిగిలి ఉన్నంతవరకు వేవర్లు (ముందు మిగతా జట్లకు అతన్ని తీసుకునే అవకాశం ఇవ్వడం) లేకుండా కిందికి పంపొచ్చు. అయిపోయాక డీఎఫ్‌ఏ (డిజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్) చేయాలి: జాబితా నుంచి తీసేసి, ఏడు రోజుల్లో ట్రేడ్ చేయడమో, వేవర్లలో పెట్టడమో, వదిలేయడమో. ఎవరూ తీసుకోకపోతే ట్రిపుల్-ఏకి పంపుతారు. అయితే ఇంతకు ముందొకసారి అలా పంపబడినవాడికి కాదనే హక్కు ఉంది. కాదని బయటికొచ్చి, రెండు రోజులకు అదే జట్టుతో మైనర్ లీగ్ (కింది స్థాయి) ఒప్పందం చేసుకోవడం మామూలే. చూసేవాళ్లకు అవమానంలా కనబడుతుంది గానీ ఇరువైపులా తెలిసిన ఏర్పాటే.

డబ్బు రోజుల్లో లెక్కేస్తారు. 2023లో మేజర్ లీగ్ కనీస జీతం 7,20,000 డాలర్లు, రోజుకు 3,870 చొప్పున. అదే ఏడాది ట్రిపుల్-ఏ కనీసం సంవత్సరానికి 35,800. పైన పదిరోజులు ఉంటే కింద ఏడాది జీతం దాటినట్టే. అనుభవం ఉన్నవాళ్లు కింద ఇంకాస్త ఎక్కువకు బేరమాడతారు. మేజర్ లీగ్‌లో 43 రోజుల సర్వీసుకు పింఛను హక్కు వస్తుంది, 172 రోజులకు ఒక సర్వీసు ఏడాది. 38 రోజుల దగ్గర డీఎఫ్‌ఏ అయినవాడు ఇంకో ఐదు రోజుల కోసం ఏ ఊరికైనా ఎందుకు వెళ్తాడో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

2026లో మేజర్ లీగ్‌కి వచ్చిన స్ట్రైక్ ఛాలెంజ్ పద్ధతిలో (బంతి స్ట్రైకా, బాలా అన్న అంపైర్ తీర్పును సవాలు చేయడం) జట్టుకు రెండు అవకాశాలు, నెగ్గితే పోవు. అంపైర్‌ను ఒప్పించేలా బంతిని లాఘవంగా పట్టే విద్యకు ధర కొంత తగ్గుతుంది. ఏ బంతికి ఛాలెంజ్ అడగాలో తెలిసిన క్యాచర్‌కు పెరుగుతుంది.

మీ అబ్బాయి విషయానికొస్తే, ఏ చేత్తో విసురుతాడో ముందు చూడండి. 1989లో బెన్నీ డిస్టెఫానో తర్వాత మేజర్ లీగ్‌లో ఎడమచేతి క్యాచర్ లేడు. ఎడమచేతి వాటమైతే ఇప్పుడే పిచింగ్‌కో ఫస్ట్ బేస్‌కో మార్చండి. కుడిచెయ్యైతే పాప్ టైమ్ ఫోన్‌లో వీడియో తీసి నెలకోసారి కొలవండి, ఒక్క మంచి త్రో కాదు, పది త్రోల సగటు.