పద్నాలుగేళ్ళకే బడి మాన్పించి టెన్నిస్‌లో దించాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు. ఆరేళ్ళప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ టోర్నీల్లో కింది మెట్టైన జె30 స్థాయిలో ఒకటి గెలిచింది, దాని పైమెట్టు జె60లో సెమీస్ దాకా వెళ్ళింది. ఇక బడి మాన్పించి ఫుల్‌టైమ్ అకాడమీలో వేయండి, చదువు ఆన్‌లైన్‌లో ఎలాగో లాగించవచ్చు, ఇప్పుడు చేయకపోతే ఆలస్యమైపోతుంది అని కోచ్ అంటున్నారు. వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదు. మేం ఆమెను ఎప్పుడు ప్రొఫెషనల్‌ని చేయాలి? అకాడమీ మంచిదా, చదువుతో పాటు ఆట మంచిదా, అమెరికా యూనివర్సిటీ స్కాలర్‌షిప్ దారి మంచిదా? పోల్చి చెప్పండి. — ఒక తండ్రి

జవాబు: పోలిక అడిగారు, చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట ‘ఆలస్యం’. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఒకరి పిల్లకు పదకొండేళ్ళు ఉంటాయి, ఇంకొకరి కొడుకుకు పదహారు, భయం మాత్రం అందరిదీ ఒకటే: ఇప్పుడు ఉన్నదంతా పెట్టకపోతే రేపు పెద్దయ్యాక ‘మీవల్లే నేను ఆగిపోయాను’ అంటారేమో అని. మీరు ఆ మాట రాయలేదు గానీ రాసినదాని వెనక ఉన్నది అదే. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఆలస్యం కాలేదండీ. నిజానికి మీరు తొందరపడదామన్నా ఆట పెద్దలే ఒప్పుకోరు. మహిళల టెన్నిస్‌లో 1995 నుంచి వయసు నిబంధన ఉంది. 14 నిండని అమ్మాయి ప్రొఫెషనల్ టోర్నీ ఆడకూడదు, 14 నిండాక కూడా ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని టోర్నీలే ఆడనిస్తారు, ఆ సంఖ్య ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ 18 వచ్చాక పూర్తిగా స్వేచ్ఛ ఇస్తారు. ఆ నిబంధన ఎందుకు వచ్చిందో మీ కోచ్‌కు తప్పకుండా తెలిసే ఉంటుంది. అమెరికా అమ్మాయి జెన్నిఫర్ కాప్రియాటి 1990లో 14 నిండడానికి కొద్ది రోజుల ముందు ప్రొఫెషనల్ అయింది, ఆడిన మొదటి టోర్నీలోనే ఫైనల్‌కు వెళ్ళింది, అదే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్, 1992లో స్టెఫీ గ్రాఫ్‌ను ఓడించి ఒలింపిక్ స్వర్ణం. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 1993 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో ఓడాక, పదిహేడేళ్ళకే ఆట వదిలి వెళ్ళిపోయింది. మళ్ళీ తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, అది ఆమె గొప్పదనం. కానీ మధ్యలో పోయిన ఆ ఏళ్ళను చూసే, అంత చిన్న పిల్లల మీద అంత బరువు పెట్టకూడదని ఆట నడిపేవాళ్ళకే అర్థమైంది. మీకు ఎవరైనా ‘14 దాటితే బస్సు మిస్సయినట్టే’ అంటే, ఆ బస్సు ఇంకా స్టాండ్‌లోకే రాలేదని చెప్పండి.

ఇంకో పేరు చెబుతాను. ఇటలీ క్రీడాకారిణి జాస్మిన్ పావోలీనీ. 2024కు ముందు ఆమె ఏ గ్రాండ్‌స్లామ్‌లోనూ రెండో రౌండ్ దాటలేదు. ఆ ఏడాది, 28 ఏళ్ళ వయసులో, ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్, వెంటనే వింబుల్డన్ ఫైనల్ ఆడింది. ఆస్ట్రేలియా అమ్మాయి యాష్ బార్టీ 15 ఏళ్ళకు జూనియర్ వింబుల్డన్ గెలిచి, ఆ ఒత్తిడి పడలేక 2014లో టెన్నిస్ పక్కన పెట్టి క్రికెట్ ఆడింది, తిరిగొచ్చి 2019లో ఫ్రెంచ్ ఓపెన్, తర్వాత వింబుల్డన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, నంబర్ వన్‌గా ఉండగానే 25 ఏళ్ళకు రిటైరైంది. ఎవరి దారీ ఇంకొకరి దారిలా లేదు. ‘కోకో గాఫ్ 15 ఏళ్ళకే వింబుల్డన్‌లో వీనస్ విలియమ్స్‌ను ఓడించింది కదా’ అని మీరు అంటారని తెలుసు. ఓడించింది. అలాంటి పిల్ల ఒక తరానికి ఒకరో ఇద్దరో వస్తారు, వాళ్ళను చూసి మీ ఇంటి క్యాలెండర్ గీయకండి.

ఇక ప్రొఫెషనల్ అంటే మొదటి నాలుగైదేళ్ళు ఎలా ఉంటాయో చెప్పనివ్వండి, ఎందుకంటే అకాడమీ బ్రోషర్‌లో ఈ పేజీ ఉండదు. కింది మెట్టు డబ్ల్యూ15 టోర్నీలు. తర్వాత డబ్ల్యూ35, డబ్ల్యూ50, డబ్ల్యూ75, డబ్ల్యూ100, అక్కడి నుంచి పైకి డబ్ల్యూటీఏ, అంటే మహిళల పెద్ద ప్రొఫెషనల్ టోర్నీలు. డబ్ల్యూ15 మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఒక మ్యాచ్ గెలిస్తే వచ్చేది ఒక్క ర్యాంకింగ్ పాయింట్, టోర్నీ మొత్తం గెలిస్తే 15. అబ్బాయిలకు ఒక్క పాయింట్ వచ్చినా ర్యాంకింగ్‌లో పేరు వస్తుంది, అమ్మాయిలకు అలా కాదు, మూడు టోర్నీల్లో పాయింట్లు రావాలి, లేదా మొత్తం 10 పాయింట్లు ఉండాలి. ర్యాంకు లేకపోతే మెయిన్ డ్రాలో చోటు దొరకడమే కష్టం, క్వాలిఫయింగ్‌లో మ్యాచ్‌లు గెలుచుకుని రావాలి. ట్యునీషియాలో మోనాస్టిర్, టర్కీలో అంతాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్ లాంటి చోట్ల ఒకే హోటల్ కోర్టుల్లో వారం వెనక వారం ఈ టోర్నీలు జరుగుతుంటాయి. పిల్లలు అక్కడ మూడు వారాలు దిగిపోతారు. సోమవారమో మంగళవారమో ఓడిపోతే వచ్చే వారం మొదలయ్యేదాకా ప్రాక్టీసు, గది, ఫోను, అంతే. ఆ ఖాళీ రోజుల్ని ఎలా గడపాలో తెలియకే సగం మంది విసిగిపోతారని నాకు అనిపిస్తుంది. ఫోర్‌హ్యాండ్ బాగా లేక ఆగిపోయినవాళ్ళ కంటే, ఆ ఒంటరితనం పడలేక ఆగిపోయినవాళ్ళనే నేను ఎక్కువ చూశాను.

డబ్బు సంగతి. డబ్ల్యూ15 గెలిచినా సింగిల్స్‌లో చేతికి వచ్చేది రెండు వేల డాలర్లకు కాస్త పైన, మొదటి రౌండ్‌లో ఓడితే రెండు వందలు కూడా రావు, అందులో పన్ను పోతుంది. ఐటీఎఫ్ 2017లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాదిలో సుమారు 14,000 మంది ప్రొఫెషనల్ టోర్నీలు ఆడితే దాదాపు సగం మంది ప్రైజ్ మనీ ఏమీ సంపాదించలేదు. అదే సంస్థ 2013 నాటి లెక్కలు చూసి, మహిళల్లో 253వ ర్యాంకు దగ్గర ఉన్నవాళ్ళకు ఖర్చులూ రాబడీ సరిపోతున్నాయని తేల్చింది, అదీ కోచ్ జీతం కలపకుండా. మొదటి పాయింట్ వచ్చిన రోజు నుంచి టాప్ 100కు చేరడానికి, చేరగలిగిన అమ్మాయిలకే, సగటున నాలుగేళ్ళకు పైన పడుతోందని కూడా అందులోనే ఉంది. అంటే మీ అమ్మాయికి 17 ఏళ్ళకు మొదటి పాయింట్ వచ్చి అన్నీ కలిసొస్తే 21, 22. మధ్యలో ఒక గాయం తగిలితే ఇంకో ఏడాది. ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇంత పొడుగు దారిలో 14 ఏళ్ళకు బడి మానేసినందువల్ల మీకు మిగిలేది ఎంత సమయమో మీరే చూసుకోండి అని చెబుతున్నాను.

ఇప్పుడు ఫుల్‌టైమ్ అకాడమీ. ఇది ఈమధ్య బాగా ఫ్యాషనైంది, నాకు దీని మీద అనుమానాలు ఉన్నాయి, దాచుకోను. మంచి అకాడమీలు ఉన్నాయి. తనకన్నా బాగా ఆడే పిల్లలతో రోజూ ఆడే అవకాశం అక్కడ దొరుకుతుంది, ఫిజియో ఉంటాడు, ఫిట్‌నెస్ కోచ్ ఉంటాడు, ఇవి చిన్న విషయాలు కావు. కానీ చాలాచోట్ల గోడ మీద ఉన్న ఫోటోలు ఒకరిద్దరివి, ఆ ఒకరిద్దరికీ ప్రధాన కోచ్ దగ్గరుండి నేర్పుతాడు, మిగతా పిల్లల్ని ఒక కోర్టుకు ఐదారుగురు చొప్పున నిలబెట్టి బాస్కెట్‌లోని బంతులు కొట్టిస్తారు. మీ అమ్మాయి ఏ గుంపులో ఉంటుంది? చేర్చే ముందు ఇది అడగండి: ప్రధాన కోచ్ ఆమెతో వారానికి ఎన్ని గంటలు కోర్టులో ఉంటాడు, టోర్నీకి ఎవరు తోడు వెళ్తారు, గత ఐదేళ్ళలో చేరినవాళ్ళలో ఎంతమంది వదిలేశారు, వదిలేసినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు. ఆఖరి ప్రశ్నకు వాళ్ళ దగ్గర జవాబు లేకపోతే అదే జవాబు అనుకోండి.

గంటల గురించి కూడా ఒక మాట. ఎదుగుతున్న వయసులో రోజుకు ఐదారు గంటలు సర్వులు, ఫోర్‌హ్యాండ్లు కొడితే నడుము కింది భాగంలో ఎముకకు సన్నని చీలిక రావడం టెన్నిస్ పిల్లల్లో కొత్త సంగతి కాదు, భుజం, మణికట్టు నొప్పులు సరేసరి. నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు, పదమూడుకు బడి మానేశాడు, పదహారుకు నడుము నొప్పితో ఎనిమిది నెలలు కోర్టు ఎక్కలేదు. ఆ అబ్బాయి బాధ నొప్పి గురించి కాదు. ‘పొద్దున లేచాక ఏం చేయాలో తెలియడం లేదండీ’ అన్నాడు. స్నేహితులంతా కోర్టులోనే, రోజంతా కోర్టులోనే, అది ఆగిపోయేసరికి అతనికి ఇంకేమీ మిగల్లేదు. బడి అంటే మార్కులే అనుకునేవాళ్ళకు ఇది అర్థం కాదు. ఆట జరగని రోజు కూడా తాను ఎవరో ఒకరు అని పిల్లకు అనిపించే ఇంకో చోటు అది.

బ్రిటన్ అమ్మాయి ఎమ్మా రాదుకాను 2021లో స్కూలు ఆఖరి పరీక్షలు రాసి, అదే ఏడాది క్వాలిఫయింగ్ నుంచి వచ్చి యూఎస్ ఓపెన్ గెలిచింది. అలా అందరికీ జరగదు, ఆ తర్వాత ఆమె కూడా గాయాలతో, ఆపరేషన్లతో చాలా ఇబ్బంది పడింది. చదువు ఆటను తినేస్తుందన్న మాట నిజం కాదని చెప్పడానికే ఆమె పేరు ఎత్తాను.

ఇక్కడ కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో ‘మేం ఆమెను ఎప్పుడు ప్రొఫెషనల్‌ని చేయాలి’ అని ఉంది. కోచ్ ఏమన్నారో రాశారు, వాళ్ళమ్మ ఏమన్నారో రాశారు. అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళుగా ఆడుతోంది, తనకు ఒక అభిప్రాయం ఉండదా? మ్యాచ్ ఓడి కారెక్కాక ఇంటికి చేరేవరకు మీరు ఏం మాట్లాడతారో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండో సెట్‌లో ఆ డబుల్ ఫాల్ట్ ఎందుకు చేశావని అడుగుతారా? ఆడేవాళ్ళెవరికైనా ఓటమి రోజువారీ సంగతి. 32 మంది డ్రాలో 31 మంది ఓడే ఇంటికి వెళ్తారు. ఫెదరర్ తన కెరీర్‌లో దాదాపు 80 శాతం మ్యాచ్‌లు గెలిచి కూడా పాయింట్లలో 54 శాతమే గెలిచానని 2024లో డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులకు చెప్పాడు. ఓడిన ప్రతి సాయంత్రం ఇంట్లో విచారణ జరిగితే ఆ పిల్ల వారంలో ఎన్నిసార్లు ముద్దాయి అవుతుంది? వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదని ఫిర్యాదులా రాశారు. నాకైతే మీ ఇంట్లో సరైన ప్రశ్న అడుగుతున్నది ఆవిడేనని అనిపించింది.

సరే, పోలిక. బడి మానేసి అకాడమీ అన్నది 17 వచ్చేసరికి ఆమె జూనియర్ ర్యాంకు ప్రపంచంలో టాప్ 100లోకి వెళ్ళి, డబ్ల్యూ35లో మెయిన్ డ్రా మ్యాచ్‌లు గెలుస్తుంటే అప్పుడు ఆలోచించాల్సిన దారి. ఇప్పటికి కాదు. చదువుతో పాటు ఆట, అంటే జె60 నుంచి జె100, జె200కు మెల్లగా ఎక్కుతూ, సెలవుల్లో ఒకటి రెండు డబ్ల్యూ15 క్వాలిఫయింగ్‌లు రుచి చూడటం, ఆమె వయసుకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. మూడోది అమెరికా కాలేజీ దారి. ఇదివరకు దీన్ని ‘ఆట రానివాళ్ళ దారి’ అనేవారు, ఇప్పుడు ఆ మాట చెల్లదు. డేనియెల్ కాలిన్స్ రెండుసార్లు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల పోటీ) చాంపియనై తర్వాత 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్ ఆడింది. ఎమ్మా నవారో 2019లో జూనియర్ ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడి కూడా కాలేజీకి వెళ్ళింది, 2021లో ఎన్‌సీఏఏ గెలిచింది, 2024లో యూఎస్ ఓపెన్ సెమీస్. కాలేజీలో కోచ్, ఫిజియో, మ్యాచ్‌లు, పక్కన అరిచే జట్టు, చేతికి డిగ్రీ. అయితే ఈ తలుపు తెరిచి ఉండాలంటే మార్కులు కావాలి, స్కూలు రికార్డు సరిగ్గా ఉండాలి. ప్రైజ్ మనీ తీసుకోవడం మీద కూడా షరతులు ఉంటాయి, అవి మారుతుంటాయి కూడా, కాబట్టి మొదటి చెక్కు తీసుకునే ముందే చదువుకోండి. ఇప్పుడు బడి మాన్పిస్తే ఈ తలుపును మీ చేత్తో మీరే మూసినట్టు. పోలికలో నాకు అన్నిటికన్నా బరువైన విషయం ఇదే.

ఇంకో జాగ్రత్త, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. చిన్న టోర్నీలు మొదలుపెట్టగానే ఫోన్‌లో పందెం రాయుళ్ళ తిట్లు మొదలవుతాయి, మ్యాచ్ ఓడిపొమ్మని డబ్బు ఎర చూపేవాళ్ళు కూడా ఉంటారు. అలాంటి మెసేజ్ వస్తే దాచకుండా వెంటనే టెన్నిస్‌లో అవినీతిని చూసే ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీకి చెప్పాలి, చెప్పకపోవడం కూడా నిబంధనల ప్రకారం తప్పే. సప్లిమెంట్ పొడులు ఎవరిచ్చినా పుచ్చుకోకూడదు, డోపింగ్‌లో దొరికితే ‘తెలియదు’ అంటే చాలదు. అమ్మాయి ఫోన్‌కు ఏం వస్తోందో మీకు చెప్పుకునేంత చనువు ఇంట్లో ఉందా? ఉంటే సగం రక్షణ అదే.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఎక్కడైనా వరసగా మూడు వారాలు జూనియర్ టోర్నీలు ఉన్నచోటికి పంపండి, తోడుగా ఈసారి వాళ్ళమ్మ వెళ్ళనివ్వండి, మీరు ఇంట్లో ఉండి స్కోర్లు అడగకండి. మొదటి రౌండ్‌లో ఓడిన వారం ఆమె ఏం చేసిందో, మర్నాడు తనంతట తానే ర్యాకెట్ తీసిందా, ఇంటికి ఎప్పుడెప్పుడు వద్దామా అనిపించిందా, ఇవి తెలుసుకోండి. తిరిగొచ్చాక మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.