సిగరెట్ కంపెనీ నీ ఎదురుగా కూర్చోదు

చి. సింధుకి ఆశీస్సులు.

స్కూళ్ల దగ్గర సిగరెట్ల అమ్మకం మీద కమిటీ ముందు మాట్లాడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. పాడైన ఊపిరితిత్తుల ఫొటోలతో స్లైడ్లు చేస్తున్నావట. ఒకటి ఉంచి మిగతావి తీసెయ్. పొగాకు మంచిదని అక్కడ ఎవరూ వాదించరు. అసలు కంపెనీ మనిషే రాకపోవచ్చు.

వచ్చేది పాన్ డబ్బాల సంఘం, రైతుల పేరుతో ఇంకో సంఘం, నిజామాబాద్, జగిత్యాల బీడీ కార్మికుల తరఫున ఎవరో పెద్దమనిషి. బతుకుదెరువు పోతుందన్న భయం నిజమైనదే. వాళ్ల మీద విరుచుకుపడ్డావా, హాలంతా నీకే ఎదురు తిరుగుతుంది. మర్యాదగా ఒక్కటి అడుగు: మీ సంఘానికి పొగాకు కంపెనీల నుంచి డబ్బేమైనా వస్తుందా? మన దేశం 2004లో ఆమోదించిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒప్పందంలో 5.3 అధికరణం ఉంది. ఆరోగ్య విధానాల్లో పొగాకు వ్యాపారుల జోక్యం ఉండకూడదంటుంది. దాన్ని బట్టే కేంద్ర ఆరోగ్య శాఖ 2020లో తన అధికారులకు ప్రవర్తనా నియమావళి ఇచ్చింది. దాని జిరాక్స్ చేతిలో పెట్టుకో.

ఇక 'ఇంకా అధ్యయనం జరగాలి' అనే మాట. ఇది వినగానే చెవులు రిక్కించు. 1953 డిసెంబర్‌లో అమెరికా సిగరెట్ కంపెనీల పెద్దలు న్యూయార్క్ ప్లాజా హోటల్లో కూడబలుక్కున్నారు. మరుసటి నెలలో 400కు పైగా పత్రికల్లో ప్రకటన ఇచ్చారు, పరిశోధనకు మేమే సాయం చేస్తామని! 1969 నాటి ఒక కంపెనీ అంతర్గత పత్రంలోనైతే సందేహమే మన సరుకని రాసుకున్నారు.

మన దగ్గరా అంతే. ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలని 2014లో నోటిఫికేషన్ ఇచ్చారు. 2015 ఏప్రిల్ నుంచి రావాల్సింది. ముందు ఇంకా పరిశీలించాలని పార్లమెంటు కమిటీ అంది. అందులో సొంత బీడీ వ్యాపారమున్న ఎంపీ కూడా ఉన్నారు. ఏడాది గడిచాక, 2016 ఏప్రిల్‌లో అమలైతే కంపెనీలు ఫ్యాక్టరీలు ఆపేసి కూర్చున్నాయి. 2017 డిసెంబర్‌లో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధన కొట్టేసింది, నెల తిరక్కుండా సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. వాయిదా పడ్డ ప్రతి రోజూ వాళ్లకి అమ్మకాలే. కాబట్టి 'పరిశీలిస్తాం' అనగానే తృప్తిపడి లేచి రాకు. ఏ తేదీలోగానో చెప్పమని అడిగి మినిట్స్‌లో రాయించు.

ఇంకో పని. స్కూలు వదిలే టైముకి మీ పేటలో పాన్ డబ్బా దగ్గర కాసేపు నిలబడు. చాక్లెట్ డబ్బాల పక్కనే సిగరెట్ ప్యాకెట్లు, పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాయి. విడిగా ఒక్క సిగరెట్ కొన్నవాడి చేతికి ప్యాకెట్ రాదు, ఇక ఆ హెచ్చరిక బొమ్మ ఎవరు చూస్తారు? టేపు తీసుకెళ్లు. స్కూలు చుట్టూ అమ్మకూడని 100 గజాలు గేటు నుంచి కాదు, ప్రహరీ గోడ నుంచి కొలవాలి. 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం ఆ లోపల అమ్మితే జరిమానా 200 రూపాయల దాకానే. అదేం జరిమానా అని నాకూ ఒళ్లు మండుతుంది. అయినా ఫొటోలో కొట్టుమనిషి ముఖం రానివ్వకు, మన తగాదా అతనితో కాదు.

కమిటీకిచ్చే కాగితం రెండు పేజీలు దాటనివ్వకు. ఇంకో కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకున్నాకే బయటికి రా.

ఇట్లు,
మీ పెదనాన్న