మాండరిన్ రాకుండా సింగపూర్ స్టార్ అవార్డ్స్ చూస్తే ఏమైనా అర్థమవుతుందా? ఆ అవార్డులకి నిజంగా విలువుందా?

సింగపూర్‌కి కొత్తగా వచ్చామని, ఆఫీసులో చైనీస్ కొలీగ్స్ అంతా ఛానెల్ 8 అనే మాండరిన్ టీవీ ఛానెల్ వాళ్ల స్టార్ అవార్డ్స్ గురించే మాట్లాడుకుంటుంటే తెల్లమొహం వేయాల్సి వచ్చిందని రాశారు. భాష రాకుండా చూడొచ్చా, అసలు ఆ అవార్డులు ప్రతిభకే ఇస్తారా అన్నవి మీ ప్రశ్నలు. రెండోదాని సంగతి ముందు చూద్దాం.

జీ తెలుగు కుటుంబం అవార్డ్స్, స్టార్ మా పరివార్ అవార్డ్స్ మీరు చూసే ఉంటారు. ఛానెల్ తన సీరియళ్లకీ తన ఆర్టిస్టులకీ తానే ఇచ్చుకునేవి. ఇవీ ఆ బాపతే. 1994లో మొదలయ్యాయి. ఇచ్చేది ఛానెల్ 8ని నడిపే మీడియాకార్ప్ సంస్థ, పుచ్చుకునేవాళ్లలో నూటికి తొంభైమంది ఆ ఛానెళ్లలో కనిపించేవాళ్లే. కాబట్టి నంది అవార్డుల లెక్కలో చూడకండి. వేర్వేరు నిర్మాతలు, వేర్వేరు ఛానెళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ కాదిది.

కాకపోతే ఒక తేడా ఉంది. మనకి మా కాకపోతే జీ, జీ కాకపోతే జెమిని, ఈటీవీ. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. 2001లో ఛానెల్ యు అని ఒక పోటీ ఛానెల్ వచ్చింది, నాలుగేళ్లు తిరిగేసరికి అదీ మీడియాకార్ప్‌లోనే కలిసిపోయింది. అంటే ఈ ఊళ్లో మాండరిన్ సీరియళ్లలో నటించి బతకాలంటే తొక్కాల్సిన గడప ఒక్కటే. అందుకని పేరుకి ఇంటి అవార్డే అయినా, ముప్పై ఏళ్లలో జనానికి అది దేశం అవార్డు అయిపోయింది. తమిళానికి వసంతం ఛానెల్ వాళ్ల ప్రధాన విళా, మలయ్‌కి పెస్తా పెర్దానా ఉన్నాయి. తెలుగుకి ఇక్కడ ఛానెలే లేదు కాబట్టి ఆ ముచ్చట మనకి లేదు.

అవార్డుల్లో రెండు రకాలున్నాయి. ఉత్తమ నటుడు, నటి, సీరియల్ లాంటివి జడ్జీలు తేలుస్తారు. రెండోది టాప్ 10: జనం మెచ్చిన పదిమంది మగ ఆర్టిస్టులు, పదిమంది ఆడ ఆర్టిస్టులు. దీంట్లో జనం ఓట్లు ఉంటాయి. అసలు టెన్షన్ అంతా ఇక్కడే. ఇందులో నాకు బాగా నచ్చిన రూల్ ఒకటుంది. ఎవరికైనా టాప్ 10 పదిసార్లు వస్తే, వాళ్లకి ఆల్-టైమ్ ఫేవరెట్ అని ఒక ట్రోఫీ చేతికిచ్చి, ఇక ఆ పోటీ నుంచి తప్పించేస్తారు. జో టే, లీ నాన్‌షింగ్, ఫాన్ వాంగ్ లాంటి హేమాహేమీలంతా అలా పక్కకి జరిగినవాళ్లే. దాంతో కుర్రవాళ్లకి చోటు దొరుకుతుంది. మన దగ్గర ఎవరైనా ఈ రూల్ పెడితే మర్నాటికల్లా ట్విట్టర్‌లో ఫ్యాన్స్ ఏం చేస్తారో మీకే తెలుసు.

మేముండేది తోవా పయో అనే పేటలో, ప్రభుత్వం కట్టించిన పాత హెచ్‌డీబీ ఫ్లాట్ల బ్లాకులో. పక్కింట్లో డెబ్భై దాటిన ఆంటీ ఉంటారు. అవార్డుల రోజు సాయంత్రం ఇనప గేటు వేసి, లోపలి తలుపు బార్లా తీసి పెడతారు, టీవీ సౌండ్ కారిడార్ అంతా వినిపిస్తుంది. ఉత్తమ నటుడి పేరు చెప్పేటప్పుడు ఆవిడ వంటింట్లోనే ఉంటారు. టాప్ 10 మొదలవగానే మాత్రం వచ్చి సోఫా అంచున కూర్చుంటారు, ఒక్కో పేరు పిలుస్తుంటే వేళ్లు మడుస్తూ. ఎనిమిదో వేలు మడిచాక కూడా తన మనిషి పేరు రాకపోతే ఇక మాట్లాడరు. ఆ నటుడంటే ఆవిడకి ప్రాణం. కొడుకుని తలుచుకున్నట్టు తలుచుకుంటారు.

జడ్జీల అవార్డుల మీద గొడవల్లేవా అంటే, భేషుగ్గా ఉన్నాయి. ‘ది లిటిల్ న్యోన్యా’ అని 2008 చివర్లో మొదలైన సీరియల్ ఉంది. పెరనకాన్లు, అంటే తరాల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడిన చైనీయుల వారసులు, వాళ్ల కుటుంబాల కథ. అందులో జెనెట్ ఆవ్ అనే నటి తల్లీకూతుళ్లుగా రెండు పాత్రలు వేసింది, తల్లి చెవిటి, మూగ. ఊరంతా ఆ సీరియల్‌కి అతుక్కుపోయింది. 2009 అవార్డుల్లో ఉత్తమ సీరియల్ దానికే వచ్చింది గానీ, ఉత్తమ నటి మాత్రం అదే సీరియల్‌లో ఇంకో పాత్ర వేసిన జోయాన్ పేకి ఇచ్చారు. ఇప్పటికీ ఆంటీ ముందు ఆ ఊసెత్తకూడదు. నేను తర్వాత ఆ సీరియల్ చూశాను. నా ఓటు జడ్జీలకే. జోయాన్ పే పాత్రకి జరిగే అన్యాయం చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఆ అమ్మాయి దాన్ని ఎక్కడా ఏడుపుగొట్టుగా చేయలేదు. ఈ మాట ఆంటీతో ఇంతవరకూ అనలేదు, అనను కూడా.

ఇక భాష సంగతి. మా అమ్మ వచ్చినప్పుడు ఇదే సీరియల్ పెట్టాను. అమ్మకి మాండరిన్ రాదు, ఇంగ్లీష్ సబ్‌టైటిళ్లు చదవలేదు. అయినా రెండో ఎపిసోడ్‌కల్లా ఎవరు పెద్ద భార్యో, ఎవరు వంటింటికే పరిమితమైన మనిషో, ఎవరు నిప్పు రాజేస్తున్నారో వరసగా చెప్పేసింది. సీరియల్ భాష వేరే ఉంటుంది కదా! మీకు సబ్‌టైటిళ్లు కూడా ఉన్నాయి కాబట్టి ఇబ్బందే లేదు. అవార్డుల ఫంక్షన్ మాత్రం కష్టమే. యాంకర్ల జోకులన్నీ మాండరిన్‌లో, మధ్యలో హొక్కియెన్ అనే ఇంకో చైనీస్ యాసలో విసుర్లు. హాలంతా నవ్వుతుంటే మనం గోడ వైపు చూడాలి.

అందుకే ఏమీ చూడకుండా నేరుగా ఫంక్షన్‌కి కూర్చోకండి. ముందు రాత్రి తొమ్మిదింటి సీరియల్ ఏదో ఒకటి మీడియాకార్ప్ వాళ్ల మీవాచ్ యాప్‌లో సబ్‌టైటిళ్లతో పూర్తి చేయండి. అందులో మీకు నచ్చిన మనిషి ఒక్కరున్నా చాలు, ఆ రాత్రి మీరూ వేళ్లు మడుస్తారు. పేర్ల దగ్గర కొంచెం జాగ్రత్త. ఇంగ్లీష్ పేపర్లో జో టే అని ఉన్నావిడని స్టేజీ మీద ఝెంగ్ హుయ్‌యూ అంటారు, ఇక్కడి నటుడు క్రిస్టఫర్ లీని లీ మింగ్‌షున్ అంటారు. మొదట్లో ఒకే మనిషిని ఇద్దరనుకునే ప్రమాదం ఉంది.

పాత ఫంక్షన్లలో ఒకటి చూడాలనుకుంటే 2021ది చూడండి. కోవిడ్ వల్ల 2020లో జరగలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఏకంగా చాంగి ఎయిర్‌పోర్టులో పెట్టారు. ప్రయాణికుల్లేక బోసిపోయిన ఎయిర్‌పోర్టులో పట్టుచీరల్లా మెరిసే గౌన్లేసుకుని ఆర్టిస్టులు నడుస్తుంటే, ఆ రోజుల్లో ఇంటికి వెళ్లడానికి టికెట్ దొరక్క కూర్చున్న మాలాంటివాళ్లకి అదో రకంగా ఉండేది.

మీకు నిజంగా పోటీ ఉన్న చైనీస్ టీవీ అవార్డులే కావాలంటే తైవాన్ గోల్డెన్ బెల్ చూడండి. అది అక్కడి ప్రభుత్వం ఇచ్చేది, 1965 నుంచి ఉంది, ఛానెళ్లన్నీ తలపడతాయి. క్రిస్టఫర్ లీ 2014లో అక్కడికెళ్లి ఉత్తమ నటుడిగా గెలుచుకొచ్చాడు. హాంకాంగ్ టీవీబీ ఛానెల్ వాళ్ల యానివర్సరీ అవార్డులు మళ్లీ ఇంటి అవార్డులే, పైగా కాంటనీస్‌లో. మీ కొలీగ్స్‌తో మాట కలపడానికైతే ఇవేవీ అక్కర్లేదు, ఛానెల్ 8 చాలు. ‘లిటిల్ న్యోన్యా’తో మొదలుపెట్టండి, 34 ఎపిసోడ్లే. ఉత్తమ నటి ఎవరికి రావాల్సిందో మీరూ ఒక అభిప్రాయానికొచ్చాక లంచ్‌లో ఆ టాపిక్ ఎత్తండి.