రెసిడెంట్లకి ట్రైనింగ్ నువ్వే ఇస్తున్నావంట కదా తల్లీ

తల్లీ,

మీ డిపార్ట్‌మెంట్‌లో ఈసారి న్యూక్లియర్ మెడిసిన్ రెసిడెంట్లని తీసుకుంటున్నారని, వాళ్ళ ట్రైనింగ్ మొత్తం నీ నెత్తినే పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, కానీ దాని వెనకాలే భయం కూడా వేసింది, నిద్రపట్టక లేచి ఇది రాస్తున్నా.

సిలబస్ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. రేడియేషన్ సేఫ్టీ, రేడియోయాక్టివ్ మందులు కలిపే హాట్ ల్యాబ్, గామా కెమెరా, పెట్ సీటీ అన్నీ నువ్వే రాసుకోగలవు. ఫిజిక్స్ మాత్రం ఫిజిసిస్ట్ చేతే చెప్పించు, టైమ్ లేదని నువ్వే చెప్పేయకు. అసలు రేడియో అయోడిన్ వైద్యం మొదలైందే అలా కదా, 1936లో సాల్ హెర్ట్జ్ అనే థైరాయిడ్ డాక్టరు ఫిజిసిస్టే అయిన ఎంఐటీ ప్రెసిడెంట్ కార్ల్ కాంప్టన్‌ని అయోడిన్‌ని రేడియోయాక్టివ్‌గా చెయ్యొచ్చా అని అడిగాడు, అది పట్టుకుని పనిచేస్తే 1941లో మొదటి పేషెంట్‌కి ఇవ్వగలిగారు. తెలియనిది అడగడం మన పిల్లలకి అక్కడి నుంచే అలవాటవ్వాలి.

స్కాన్లు చదవడానికి నార్మల్‌వి బోలెడు చూపించు. సూపర్‌స్కాన్ మాత్రం మొదటి నెలలోనే చూపించాలి. ప్రోస్టేట్ కేన్సర్ ఎముకలన్నిటికీ పాకితే బోన్ స్కాన్ ఎంత సమానంగా, శుభ్రంగా కనిపిస్తుందంటే కొత్తవాళ్ళు నార్మల్ అని రాసేస్తారు. కిడ్నీలేవి అని అడుగు. స్కాన్ కోసం ఎక్కించిన రేడియోయాక్టివ్ ట్రేసర్‌ని ఎముకలే లాగేసుకున్నాయి కాబట్టి కిడ్నీలు కనపడవు అన్నది వాళ్ళంతట వాళ్ళే చెప్పేదాకా ఆగు, నువ్వు చెప్పేయకు.

నా భయమంతా థెరపీ దగ్గరే. స్కాన్లు రోజూ కుప్పలుగా వస్తాయి, థెరపీ కేసులు తక్కువ, అందుకని చాలాచోట్ల థెరపీని చివర్లో ఏదో తోకలా తగిలిస్తారు. రిపోర్ట్ తప్పు రాస్తే దిద్దుకోవచ్చు, మింగిన అయోడిన్ క్యాప్సూల్‌ని వెనక్కి తియ్యలేం.

నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పటి సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. హైపర్‌థైరాయిడ్ ఉన్న ఒకావిడకి ఐ-131, అదే రేడియో అయోడిన్, ఇవ్వాలి. ఫైల్లో ప్రెగ్నెన్సీ టెస్ట్ నెగటివ్ అనే ఉంది, కానీ అది మొదటిసారి వచ్చినప్పుడు చేసింది, తర్వాత సప్లై రాక అపాయింట్‌మెంట్ వాయిదా పడుతూ పోయి నెలలు గడిచిపోయాయి. పీరియడ్స్ రాలేదని ఆవిడ చెప్పింది కూడా, థైరాయిడ్ ఉన్నవాళ్ళకి అలా అవుతుందిలే అన్నారు, అదీ నిజమే. ఆ రోజు డ్యూటీలో ఉన్న నా బ్యాచ్‌మేట్ రిపోర్ట్ మీద తేదీ చూశాడు. చూసి అనుమానపడ్డాడు, కానీ పెద్దసారు సంతకం పెట్టేశారు, బయట పేషెంట్లు వెయిటింగ్, నేనేం చెప్తానులే అని ఊరుకున్నాడు. ఆవిడకి అప్పటికే మూడు నెలలు దాటాయి. పది పన్నెండు వారాలకే కడుపులో బిడ్డ థైరాయిడ్ అయోడిన్ తీసుకోవడం మొదలుపెడుతుంది, మనం ఏం చదివామో అదే జరిగింది. ఆ పాప థైరాయిడ్ పనిచెయ్యకుండానే పుట్టింది, బతికినంతకాలం థైరాక్సిన్ మాత్రలు వేసుకోవాలి. ఎంక్వైరీలో అందరూ చెక్‌లిస్ట్ చూపించారు, అన్ని గళ్ళలోనూ టిక్కులు ఉన్నాయి! వాడు మాత్రం ఈ ఫీల్డే వదిలేసి వెళ్ళిపోయాడు. మంచి కన్ను ఉన్నవాడు తల్లీ, స్కాన్‌లో జబ్బున్న చోటు మాలో అందరికంటే ముందు పట్టేసేవాడు. వాడికి ఐసోటోపులన్నీ నేర్పారు కానీ "ఒక్క నిమిషం ఆగండి సార్" అనడం ఎవరూ నేర్పలేదు.

అందుకే అడుగుతున్నా, డోస్ ఇచ్చేముందు గదిలో అందరికంటే జూనియర్ కూడా ఆపొచ్చు అని మొదటిరోజే చెప్పు. చెప్తే చాలదు, ఎవరైనా ఆపినప్పుడు అది అనవసరంగా ఆపినా సరే అందరి ముందూ మెచ్చుకో, ఒక్కసారి విసుక్కున్నావంటే ఆ ఏడాదంతా ఇంకెవరూ నోరెత్తరు. నీకు కోపం తొందరగా వస్తుంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. నెలకోసారి డమ్మీ ఫైల్ ఒకటి పెట్టు, పాత తేదీ టెస్టో, ఇంకా పాలిస్తున్న తల్లో, పేరు ఒకటే ఉన్న ఇద్దరు పేషెంట్లో, ఎవరు పట్టుకుంటారో చూడు.

లుటీషియం-177 కేసులకి రెసిడెంట్‌ని పక్కనే కూర్చోబెట్టు. గాలియం-68తో కణితి ఎక్కడుందో చూసి, అదే చోటికి కణితిని చంపే లుటీషియం పంపడం వినడానికి ఎంతో బాగుంటుంది, కానీ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ పేషెంట్‌కి కిడ్నీలు కాపాడే ఎమైనో యాసిడ్ డ్రిప్ నాలుగు గంటలు ఎక్కుతుంటే వాంతులు ఎలా వస్తాయో పక్కన ఉన్నవాడికే తెలుస్తుంది. ఆ నాలుగు గంటల్లో పేషెంట్ చెప్పే విషయాలు ఏ ఫైల్లోనూ ఉండవు.

ఇంకోటి, నువ్వు రేడియేషన్ కొలిచే బ్యాడ్జ్ డ్రాయర్లో పడేసి హాట్ ల్యాబ్‌లోకి వెళ్తున్నావని నాకు తెలుసు. నువ్వు పెట్టుకోకపోతే వాళ్ళూ పెట్టుకోరు. రేపటి నుంచి పెట్టుకో, నా మాట విను.

థెరపీ పోస్టింగ్ మొదటి ఏడాదిలోనే ఉండేలా రోటా వేసి నాకు పంపించు, ఆదివారం కూర్చుని చూస్తా.

పెద్దమ్మ