మనుషులే చాలనప్పుడు స్కానింగ్ సేవను ఎక్కడ నుంచి బాగుచేయాలి?

దేశమంతటికీ ఉన్న స్కానింగ్ సేవను ఆధునికం చేయాలి, కానీ సిబ్బంది కొరత ఉంది, ముందు ఏ మెషిన్లు కొనాలి అని అడిగారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీటీ, ఎమ్మారై రేడియోగ్రాఫర్‌గా పద్నాలుగేళ్లు పనిచేశాను, స్కాన్లు తీసేది మేమే. నేనైతే ముందు మెషిన్ కొనను. ఉన్నవాళ్ల సమయం ఎక్కడికి పోతోందో ఒక వారం పక్కన నిలబడి చూస్తాను.

ఒకరోజు నైట్ డ్యూటీలో సీటీ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఒక పెద్దాయన ఊపిరితిత్తిలో చిన్న నీడ కనిపించింది. మూడేళ్ల కిందట వేరే ఆసుపత్రిలో స్కాన్ తీయించుకున్నానని ఆయనే చెప్పారు. నీడ అప్పుడూ అంతే ఉంటే చాలావరకు భయం లేనట్టే, పెరిగి ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. స్పెల్లింగ్ మార్చి, పుట్టిన తేదీ పెట్టి వెతికిస్తే దొరికింది. సీడీ చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది, తీరా అది మా కంప్యూటర్లో తెరుచుకోలేదు. మళ్లీ తెప్పించి చూస్తే నీడలో ఏ మార్పూ లేదు. అన్ని రోజులూ ఆయన కూతురు పడిన టెన్షన్ నేను కళ్లారా చూశాను.

స్కాన్ బొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడానికి డైకామ్ అనే ప్రమాణం 1993 నుంచీ ఉంది. ఆ రాత్రి మాకు లేనిదల్లా ప్రతి రోగికీ దేశమంతా చెల్లే ఒకే నంబరు, అందరికీ తెరుచుకునే ఒకే ఆర్కైవ్ (స్కాన్లు దాచే చోటు). ఇంగ్లండ్ 2007 చివరికల్లా పెద్దాసుపత్రులన్నిటిలో ఫిల్ముల స్థానంలో డిజిటల్ ఆర్కైవ్‌లు (పాక్స్) పెట్టింది. అయినా ఒక ఆసుపత్రి బొమ్మలు ఇంకో ఆసుపత్రిలో కనిపించడం విడిగా పరిష్కరించుకోవాల్సిన సమస్యగానే మిగిలింది. అందుకే డబ్బు కొంచెమే ఉంటే ముందు దీనికే పెట్టమంటాను.

ఎమ్మారైది వేరే కథ. కొత్త సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ టైమ్ బాగా తగ్గుతుంది, నిజమే. కానీ రోగి బట్టలు మార్చుకోవడం, భయపడేవాళ్లకు ధైర్యం చెప్పడం, నడవలేని మనిషిని టేబుల్ మీదికి చేర్చడం, ఇవేవీ తగ్గవు. గుండెకు పేస్‌మేకర్ ఉందన్న సంగతి (ఎమ్మారై అయస్కాంతం దానికి ప్రమాదం కావచ్చు) రిక్వెస్ట్ ఫారంలో రాయక, తలుపు దగ్గర మేం అడిగితే బయటపడి స్లాట్ పోయిన రోజులు ఎన్నో. ముందురోజే ఫోన్ చేసి ఆ ప్రశ్నలడగడానికి, రోగిని సిద్ధం చేయడానికి ఒక అసిస్టెంట్‌ను ఇచ్చాక అదే మెషిన్ మీద రోజుకు ఇద్దరు ముగ్గురు ఎక్కువ అయ్యేవారు.

ఇక స్కాన్ తీయడంతో పని అయిపోదు, రిపోర్టు రావాలి. బ్రిటన్‌లో రేడియాలజిస్టుల (స్కాన్లు చదివి రిపోర్టు రాసే డాక్టర్ల) కొరత 30 శాతమని వాళ్ల రాయల్ కాలేజీ 2023 లెక్క. అలాంటి చోట స్కానర్లు మాత్రమే పెంచితే క్యూ వెయిటింగ్ హాల్లోంచి రిపోర్టుల లిస్టులోకి మారుతుంది, అంతే. అక్కడే 1990ల నుంచి శిక్షణ పొందిన రేడియోగ్రాఫర్లు ఎముకల ఎక్స్‌రేలకు రిపోర్టులు రాస్తున్నారు. ఇది అన్ని దేశాలూ చేయదగ్గ పని.

ఏఐ గురించి కూడా అడిగారు. స్వీడన్‌లో 80,000 మంది మహిళలతో చేసిన మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) ట్రయల్‌లో, ఏఐ సాయంతో చదివే పని 44 శాతం తగ్గిందని 2023లో తేలింది. క్యాన్సర్లను పట్టుకోవడంలో లోటూ రాలేదు. నాకు దానిమీద నమ్మకం ఉంది. కానీ అక్కడ మామూలుగా ప్రతి మామోగ్రామ్‌నూ ఇద్దరు డాక్టర్లు చదువుతారు, అందుకే అంత తగ్గింది. ఎమర్జెన్సీ సీటీకి అదే లెక్క వేసుకుని పోస్టులు తగ్గించకండి.

చివరగా, సిస్టమ్ మార్చే రోజుల్లో బుకింగులు తగ్గించండి, ట్రైనింగ్ డ్యూటీ టైమ్‌లోనే ఇవ్వండి. నేను పనిచేసిన ఒకచోట రెండూ చేయలేదు. పగలంతా రోగులు, సాయంత్రం సొంత సమయంలో కొత్త సాఫ్ట్‌వేర్ పాఠాలు. మూడు నెలల్లో మాలో ఇద్దరు రాజీనామా చేశారు. ఇద్దరూ పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు. వాళ్ల పోస్టులు నిండటానికి ఏడాది దాటింది, అన్నాళ్లూ రెండో సీటీ సాయంత్రాలు మూసే ఉంది.