టెక్ సందేహాలు: ‘తాళం తీయ్’ అంటే కంప్యూటర్ ఏం తీయాలి?

ఈ వారం వచ్చిన వాటిలో సగానికి పైగా ఫోన్ స్టోరేజ్ నిండిపోయిందనే గోడే. వాటిని పక్కన పెట్టేశాను, ఏమనుకోకండి. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫొటోలు డిలీట్ చేసి చూడండి, చాలామందికి అక్కడే తీరిపోతుంది. ఇంకో ప్రశ్న మాత్రం నాకు పాత గాయం ఒకటి గుర్తుచేసింది కాబట్టి దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

ప్రశ్న: అన్నా, మేం నలుగురం డిగ్రీ ఫైనలియర్, కంప్యూటర్స్. పైథాన్‌లో దేవరకొండ కోట మీద టెక్స్ట్ అడ్వెంచర్ గేమ్ చేశాం, మొత్తం తెలుగులోనే. బొమ్మలుండవు, మీరు ఎక్కడున్నారో తెర మీద రాసి చూపిస్తుంది, ఏం చేయాలో ఆడేవాళ్లు టైప్ చేయాలి. మేం ఆడితే బాగానే నడుస్తోంది. క్లాసులో పదకొండు మందితో ఆడిస్తే తొమ్మిది మంది రెండో దర్వాజ దాటకుండానే లేచిపోయారు. ఏం కొట్టినా ‘అర్థం కాలేదు’ అంటోందట. పైగా కమాండ్ ప్రాంప్ట్‌లో తెలుగు ముక్కలు ముక్కలుగా పడుతోంది. వచ్చే వారం వైవా. రిపోర్టు చివర ‘ఈ ప్రాజెక్టు వల్ల ఏం నేర్చుకున్నారు’ అని ఒక పేజీ రాయాలి, ఏం రాయాలో తోచడం లేదు, టెన్షన్‌గా ఉంది. కోడ్ కూడా పంపుతున్నాం.
— డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

చెల్లె, ఆ పేజీలో రాయాల్సింది మీరు నాకు ముందే రాసేశారు. ఆ తొమ్మిది మంది సంగతే.

ముందు నా కథ వినండి. ఇరవై ఏళ్ల కింద నేను నల్లగొండలో చదువుకునే రోజుల్లో ల్యాబ్‌లో సీ ప్రోగ్రాములు రాసే టర్బో సీ నీలం తెరే దిక్కు. పిల్లలమర్రిలో దారి తప్పిన పిల్లాడి కథ అని ఒక టెక్స్ట్ గేమ్ చేశాను. మహబూబ్‌నగర్ పక్కన మూడెకరాల దాకా పరుచుకున్న మర్రి అది, ఊడలే మానులైపోయి అసలు మొదలు ఏదో తెలియదు, దారి తప్పడానికి అంతకన్నా మంచి చోటేముంటుంది అనుకున్నా. ఎడమకు పోవాలంటే 1, కుడికి 2, ఊడ పట్టుకుని ఎక్కాలంటే 3. వైవా రోజు ఎక్స్‌టర్నల్ సార్ కూర్చున్నారు. ‘ఊడ ఎక్కుతావా?’ అని ఇంగ్లిషులో పడింది. ఆయన 3 నొక్కలేదు. ‘వై’ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కారు. అంతే, ఊడ ఎక్కుతావా, ఊడ ఎక్కుతావా అంటూ అదే లైను సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలినట్టు తెర మీద పారడం మొదలుపెట్టింది. సీ భాషలో మనం టైప్ చేసింది అందుకునే స్కాన్‌ఎఫ్ అంకె కోసం చూస్తుంటుంది, దానికి అక్షరం దొరికింది, అది దాన్ని మింగదు, కక్కదు, అక్కడే పెట్టుకుని తిప్పితిప్పి దాన్నే చూస్తుంది. చివరికి ల్యాబ్ అసిస్టెంటు వచ్చి స్విచ్ కట్టేశాడు. 50కి 27 పడ్డాయి. చాలా ఏళ్లు ఆయనే తప్పు నొక్కారని చెప్పుకుని తిరిగాను. ‘ఎక్కుతావా’ అని అడిగితే మనిషన్నవాడు అవునంటాడు గానీ మూడు అంటాడా?

ఇప్పుడు మీ రెండో దర్వాజ దగ్గరికి వద్దాం. గూట్లో తాళంచెవి ఉంది, దర్వాజకు తాళం వేసి ఉంది. మీ గేమ్ ఒప్పుకునేవి రెండే వాక్యాలు: ‘తాళంచెవి తీసుకో’, ‘తలుపు తెరువు’. ఒక్క అక్షరం తేడా వచ్చినా, మధ్యలో స్పేస్ రెండుసార్లు పడినా అర్థం కాలేదే. మీవాళ్లు ఏం కొట్టారో మీరే ఒక కాగితం మీద రాసి పంపారు కదా, ఆ కాగితం పారేయకండి, ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికన్నా విలువైంది అదే. ‘దర్వాజ తీయ్’ అని నలుగురు, ‘తాళం తీస్కో’ అని ఇద్దరు, ‘చాబి తీసుకో’ అని ఒకరు, ‘తాళం తీయ్’ అని ఇద్దరు. అసలు ‘తలుపు తెరువు’ అని మన దగ్గర ఇంట్లో ఎవరంటారు? మీరు కూడా అనరు. కీబోర్డు ముందు కూర్చునేసరికి నలుగురికీ పాఠ్యపుస్తకం పూనింది.

ఈ ‘తీయ్’ దగ్గర కాసేపు ఆగండి, భలే మాట అది. దర్వాజ తీయ్ అంటే తెరవడం. గూట్లోంచి తీయ్ అంటే తీసుకోవడం. చెప్పులు తీయ్ అంటే విడవడం. మరి ‘తాళం తీయ్’ అంటే? గూట్లో ఉన్నదాన్ని చేతిలోకి తీసుకోమనా, దర్వాజకున్నదాన్ని విప్పమనా? మనం తాళంచెవిని కూడా తాళం అనే అంటాం, ‘బండి తాళాలు ఏడబెట్టినవ్’ అని రోజూ పొద్దున ఇంట్లో వినేదే. మనుషులకు ఇందులో తికమక ఉండదు, ఎందుకంటే అప్పటికి తాళంచెవి ఎవరి చేతిలో ఉందో కళ్లకు కనిపిస్తుంటుంది. మీ గేమ్‌కూ ఆ సంగతి తెలుసు, ఆటగాడి దగ్గర ఏమేం ఉన్నాయో లిస్టు పెట్టుకుంది కదా. చేతిలో లేకపోతే ‘తీయ్’ అంటే తీసుకోవడం, చేతిలో ఉండి ఎదురుగా దర్వాజ ఉంటే విప్పడం. మరీ తేలకపోతే ‘తాళంచెవి తీసుకోవాలా, దర్వాజ తాళం విప్పాలా?’ అని తిరిగి అడిగించండి. అడగడం చిన్నతనమేం కాదు. 1977లో ఎమ్‌ఐటీలో మొదలైన జోర్క్ అనే టెక్స్ట్ గేమ్, దాని తర్వాత ఆ బాటలో వచ్చిన గేములు కూడా తేలనప్పుడు ‘ఏది మీరనేది’ అని అడిగేవి.

మీరు ఏదో ఇంగ్లిషు ట్యుటోరియల్ చూసి మొదలుపెట్టారని కోడ్‌లోనే తెలుస్తోంది, సగంలో వదిలేసిన ఒక ఫంక్షన్ మొదటి మాటను క్రియగా తీసుకుంటోంది. ఇంగ్లిషులో క్రియ ముందు వస్తుంది కాబట్టి వాళ్లకు అది సరే. మనకు క్రియ చివర నిలబడుతుంది. వచ్చిన వాక్యాన్ని స్పేసుల దగ్గర విడగొట్టి చివరి మాటను క్రియల జాబితాలో వెతకండి. దొరక్కపోతే అప్పుడు మొదటి మాట చూడండి, ఎందుకంటే చిరాకేసినవాడు ‘తీయ్ దర్వాజ’ అని కూడా కొడతాడు. మీ 1,200 లైన్ల ‘ఇదైతే ఇది చేయి, అదైతే అది చేయి’ అనే ఇఫ్-ఎలిఫ్ నిచ్చెనలో ముప్పావు భాగం ఇక్కడే కూలిపోతుంది. ఒక క్రియకు ఒక డిక్షనరీ ఎంట్రీ, తీసుకో, తీస్కో, అందుకో, పట్టుకో అన్నీ ఒకే పనికి చేరాలి. తలుపు, దర్వాజ ఒకటే. బావి, బాయి ఒకటే.

బావి అనగానే ఇంకో చిక్కు. ఆటగాడు ఉత్త ‘బావి’ అనడు, ‘బావిలోకి దిగు’ అంటాడు, లేదా ‘బాయిలకు దిగు’. మాట మొదలు ‘బావి’ అని ఉందో లేదో చూస్తే బావిలో, బావికి, బావిలోంచి అన్నీ పట్టుబడతాయి. కానీ అన్ని మాటలూ అంత మంచివి కావు. ఇల్లు ‘ఇంట్లో’ అవుతుంది, చేయి ‘చేతిలో’ అవుతుంది, రాయి కొందరికి ‘రాయితో’, కొందరికి ‘రాతితో’. బడిలో ఔపవిభక్తికాలు అని ఇ, టి, తి చదివి పరీక్ష అయ్యాక మరిచిపోయాం చూడండి, అవి ఇన్నాళ్లకు అక్కరకొచ్చాయి. ప్రతి వస్తువుకూ రెండు మూడు మొదళ్లు రాసి పెట్టుకోవడమే, పెద్ద తెలివేం అక్కర్లేదు. ఎక్స్‌టర్నల్ అడిగితే ఈ ముక్క చెప్పండి, నెట్‌లోంచి దించుకున్న ప్రాజెక్టు కాదని ఆయనకు అక్కడే తెలిసిపోతుంది.

కంటికి కనిపించని దొంగ ఇంకొకడున్నాడు. మీ గేమ్‌లో ‘టార్చ్‌లైట్’ ఉంది. చకారం పొల్లు తర్వాత లకారం ఒత్తుగా మారకుండా విడిగా పడాలంటే మధ్యలో ఒక కనిపించని గుర్తు కూర్చుంటుంది, యూనికోడ్‌లో దాని నంబరు 200సి. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. పెట్టకపోతే ‘టార్చ్లైట్’ అని పడుతుంది, చూసేవాడికి ఒకటే మాట, పైథాన్‌కు వేర్వేరు. పోల్చేముందు రెండు వైపులా ఆ గుర్తును తీసిపారేయండి, ఒక్క లైను పని. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లు కూడా వస్తారు, ఇప్పుడందరూ చాటింగ్ అలాగే చేస్తున్నారు. వాళ్లకోసం ముఖ్యమైన పది పన్నెండు మాటలకు ఆ స్పెల్లింగులు కూడా చేర్చండి చాలు. అందరి స్పెల్లింగునూ పట్టుకుందామని మాత్రం దిగకండి, ఆ బావికి అడుగు లేదు.

కమాండ్ ప్రాంప్ట్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆ పాత నల్ల కిటికీకి మన గుణింతాలు, ఒత్తులు కలిపి పేర్చడం చేతకాదు, మీ కోడ్‌లో తప్పేం లేదు. వైవాకు గట్టెక్కాలంటే పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్‌లో నడిపి చూపించండి. టైమ్ ఉంటే పైథాన్‌లో విండోలు చేసే టీకింటర్‌తో చిన్న విండో చేయండి, అదీ కాకపోతే బ్రౌజర్‌లోకి మార్చండి, తెలుగు అన్నిటికన్నా చక్కగా కనిపించేది బ్రౌజర్‌లోనే. ఫైళ్లు తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి, లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లో నడిచింది ల్యాబ్‌లో నడవదు. ఆట సేవ్ చేసే జేసన్ ఫైల్లో తెలుగుకు బదులు వెనకగీతలూ అంకెలూ పడుతున్నాయని భయపడ్డారు, అందులో తప్పు లేదు, తెలుగులోనే చూడాలనుకుంటే ఫైలు రాసేచోట ‘ఎన్‌ష్యూర్ ఆస్కీ’ అనే సెట్టింగును ఫాల్స్ చేయండి.

గదుల లెక్క మాత్రం తగ్గించాల్సిందే. కోటకు 9 పెద్ద దర్వాజలు, 32 చిన్నవి అని చెప్పుకుంటారని మీరు మొత్తం 41 చోట్లు పెట్టేశారు. వాటిలో ముప్పై చోట్ల ‘ఇక్కడ ఒక దర్వాజ ఉంది’ తప్ప ఇంకేమీ లేదు. ఈ రకం ఆటలకు మొదలు అనదగ్గది అడ్వెంచర్. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1975-76 కాలంలో తన కూతుళ్ల కోసం ఫోర్‌ట్రాన్‌లో రాశాడు. ఆయనకు గుహలు తిరిగే పిచ్చి, కెంటకీలోని మామత్ కేవ్‌లో పాక్కుంటూ పోయి కొలతలు తీసి మ్యాపులు గీసినవాడు, ఆ గుహనే ఆటలో పెట్టాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. క్రౌథర్ వర్ణనలు చిన్నవే, కానీ అక్కడ మోకాళ్లు దోక్కున్నవాడు రాసినట్టుంటాయి. మీ ఇంటి నుంచి కోట కనిపిస్తుందన్నారు. నలుగురూ ఒక పొద్దున ఎక్కి రండి. రాయి ఎక్కడ వేడెక్కింది, ఎక్కడ గాలి తగిలింది, ఎక్కడ సీతాఫలం చెట్టు దారికి అడ్డమొచ్చింది, ఎక్కడ ఆయాసం వచ్చి కూర్చున్నారు, అవి పన్నెండు చోట్లకు సరిపోతాయి. మిగతావి కొట్టేయండి.

వచ్చాక కాగితం మీద మ్యాప్ గీసి కోడ్‌తో సరిచూడండి. మీ నాలుగో చోటు నుంచి తూర్పుకు పోతే ఐదోది వస్తోంది, ఐదోదాని నుంచి పడమరకు తిరిగొస్తే ఏడోదాంట్లో తేలుతున్నారు. నేను రెండుసార్లు పోయి వచ్చాను, దయ్యం పట్టిందనుకున్నా. ప్రతి దారికీ ఎదురు దారి ఉందో లేదో చూసే లూప్ నాలుగైదు లైన్లలో రాయొచ్చు.

ఇక ఆ పేజీ. ‘టీమ్ వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాం’ అని రాయకండి, ఎక్స్‌టర్నల్ ఆ వాక్యాన్ని ఆ పొద్దటికే ఇరవైసార్లు చదివి ఉంటారు. గేమ్‌కు అర్థం కాని ప్రతి మాటనూ, అప్పుడు ఆటగాడు ఏ చోట ఉన్నాడో దానితో సహా ఒక ఫైల్లో రాసేలా ఇవాళే మార్చండి. రేపు కొత్తవాళ్లతో ఆడించండి, పాత పదకొండు మంది వద్దు, వాళ్లకు దారి తెలిసిపోయింది. ఇంట్లో అమ్మతో, హాస్టల్లో ఆర్ట్స్ పిల్లలతో ఆడించండి. తర్వాత పేజీకి ఎడమవైపు వాళ్లు కొట్టిన మాటలు, కుడివైపు దానికి మీరు ఏం మార్చారో రాయండి. మార్చనివి కూడా దాచకండి, ఎందుకు మార్చలేదో చెప్పండి. ఏ భాగమైనా చాట్‌బాట్‌తో రాయించి ఉంటే అదీ చెప్పేయండి, ఆ లైను ఏం చేస్తుందో వివరించగలిగితే ఎవరూ ఏమీ అనరు, వివరించలేకపోతేనే చిక్కు.

ప్రశ్న: పైథాన్ గేమ్‌ను ఈఎక్స్‌ఈగా మార్చి దోస్తులకు పంపితే యాంటీవైరస్ వైరస్ అని తీసేస్తోంది. నేనేం తప్పు చేశాను?
— బీటెక్ విద్యార్థి, వనపర్తి

తప్పేం లేదు. ఈఎక్స్‌ఈగా మార్చే పైఇన్‌స్టాలర్‌లో అంతా ఒకే ఫైలుగా చేస్తే అది నడిచే ముందు తనను తాను టెంప్ ఫోల్డర్‌లో విప్పుకుంటుంది. దొంగ ప్రోగ్రాములు చేసేదీ అదే కాబట్టి యాంటీవైరస్‌కు అనుమానం. ఒకే ఫైలు బదులు ఫోల్డర్ పద్ధతిలో చేసి జిప్ చేసి పంపండి, చాలావరకు తగ్గుతుంది. ‘యాంటీవైరస్ ఆపేసి నడుపుకోండి’ అని మాత్రం దోస్తులకు చెప్పకండి, రేపు వాళ్లు ఇంకెవరి ఫైలుకో అదే పని చేస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రిళ్లు నల్ల స్క్రీన్ మీద ఏవో అక్షరాలు కొడుతూ కూర్చుంటున్నాడు. అడిగితే గేమ్ తయారు చేస్తున్నా, ప్రాజెక్టు అంటాడు. బొమ్మలు లేని గేమ్ ఏంటి? గ్రాఫిక్ కార్డున్న ల్యాప్‌టాప్ కొనమని పోరు పెడుతున్నాడు. కొనాలా?
— ఒక తండ్రి, జడ్చర్ల

గేమ్ మాట నిజం, గ్రాఫిక్ కార్డు మాట అబద్ధం. జోర్క్ లాంటి ఆటల కోసం 1980ల మొదట్లో వాడిన ఫైలు పద్ధతిలో మొత్తం ఆట 128 కేబీ దాటకూడదు, మీకు పొద్దున్నే వచ్చే గులాబీ పువ్వు ఫొటో ఒకటి అంతకన్నా బరువుండొచ్చు. ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఒక పని చేయండి, ఈ రాత్రి అన్నం తిన్నాక వాడి కుర్చీలో మీరు కూర్చుని ఆడండి. మీకు ఏం తోస్తే అది కొట్టండి. వాడు పక్కన కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి, ‘అట్ల కాదు నాన్నా’ అని ఒక్కసారి కూడా అనకూడదు.